దండకు మొదలెక్కడ

తాయమ్మ పెద్దమ్మ చేటలో పూసలు పోసుకుని చెయ్యి ఆడిస్తే, ఎక్కడో దూరంగా వాన మొదలైనట్టు ఉండేది. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దక్షిణం వైపు సందులో మా ఇంటికి ఎదురిల్లు ఆమెది. ఎండ అరుగు దిగిపోయాక చేట ముందుకు లాక్కుని, ఒక మోకాలు పైకి మడిచి, దారం కొసను నోట తడుపుకుని గుచ్చడం మొదలుపెట్టేది. శంఖు పూసలు తెల్లవి, గాజు పూసలు ఎర్రవీ నల్లవీ. ఆమె దండల్లో ఈ మూడు రంగులే. కొండకు వచ్చేవాళ్ళు కొనే తులసి దండల జోలికి పోయేది కాదు. "అది దేవుడి బేరం, మనది బిడ్డల బేరం" అనేది. పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు చంటిబిడ్డ చేతికో, ఎదిగిన పిల్ల మెడకో గుచ్చించుకుని పోయేవాళ్ళు.

ఆమె పెనిమిటి ఓబయ్య తిరునాళ్ళకు పూసల మూట మోసుకుని తిరిగే మనిషి. కూతురు మునెమ్మకు ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చి పోయాడు. కర్మ ముగిసిన మర్నాడే ఆమె ఆ మూట విప్పుకుని అరుగు మీద కూర్చుందట. ఇది నాకు సందులో వాళ్ళు చెప్పిందే. తన సంగతులు చెప్పుకోవడం ఆమెకు చేతకాదు. ఎండిన చెరుకులా పొడవుగా ఉండేది. నవ్వు వస్తే మూతి ఒక పక్కకే కదిలేది, రెండో పక్క ఇంకా ఆలోచిస్తున్నట్టు.

పంతొమ్మిదివందల నలభైలో మా పాప తొమ్మిది నెలలది పోయింది. ఆ తర్వాత ఏ పని పట్టుకున్నా నా చెయ్యి మధ్యలో ఆగిపోయేది. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి ఇంకిపోయేది. ఒకరోజు పెద్దమ్మ ఎదురరుగు మీద నుంచి పిలిచింది.

"మే వసంతా, ఊరికే ఆ గోడను సూస్తా కూసునే బదులు ఈడికొచ్చి ఎర్రవీ నల్లవీ ఏరకూడదా? గోడ ఏమీ పారిపోదులే."

వెళ్ళాను. మర్నాడూ వెళ్ళాను. పోయిన కార్తీకంలో ఆమె కాలం చేసేదాకా వెళ్తూనే ఉన్నాను.

ఆమెకు అక్షరం రాదు. కానీ గుచ్చిన ప్రతి దండకూ ఒక నూలు తాడు ఉండేది. తెల్లపూసకు ఒంటి ముడి, ఎర్రపూసకు జంట ముడి, నల్లపూసకు ఉచ్చుముడి. ఆ తాళ్ళన్నీ గోడకు కొట్టిన మేకులకు వేలాడేవి. గాలి వస్తే అన్నీ ఒకేసారి కదిలేవి. దండ తెగి ఎవరైనా వస్తే, వరస నోటితో చెప్పమనేది; విని, ఏదో తాడు లాగేది. అది చూసి మళ్ళీ గుచ్చి ఇచ్చేది. ఆ లాగడం ఎలాగో నాకు చాలా రోజులు అంతు పట్టలేదు.

ఒకసారి పూతలపట్టు నుంచి కుప్పమ్మ, తడ నుంచి పోలేరమ్మ అని ఇద్దరు ఒకే పూట వచ్చారు. ఇద్దరివీ చంటిబిడ్డ చేతికి కట్టే ఏడు పూసల దండలు. రెండూ తెగాయి. పూసలు కొంగున ముడివేసుకుని తెచ్చారు.

"నాది ఎరుపుతో మొదలు" అంది కుప్పమ్మ. "రెండెరుపు, ఒక తెలుపు, ఒక నలుపు, మూడు తెలుపు."

"నాది అట్లాంటిది కాదమ్మా. నలుపుతో మొదలు" అంది పోలేరమ్మ. "ఒక నలుపు, మూడు తెలుపు, రెండెరుపు, ఒక తెలుపు."

"నలుపుతో మొదలుపెట్టి బిడ్డ చేతికి కడతారా యాడైనా? అరవోళ్ళ పక్కన ఉండి మీకు అన్నీ తిరగబడినాయి."

"మా బిడ్డ దిట్టంగా ఉండాడులే. నీ ఎర్రదండ కట్టుకున్నోడు ఎట్లుండాడో సూపించు."

పెద్దమ్మ తల ఎత్తకుండానే గోడ మీది నుంచి ఒక్క తాడు లాగి ఇద్దరి మధ్యా పడేసింది.

"ఇద్దరిదీ ఇదే. కొట్లాడుకోవల్లంటే వీధిలోకి పోయి కొట్లాడండి, ఈడ పూసలు దొర్లిపోతాయి."

ఇద్దరూ నమ్మలేదు. గుచ్చి చేతిలో పెడితే, తిప్పి తిప్పి చూసుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చివరికి నవ్వారు. పోతూ పోతూ పోలేరమ్మ, "అయితే మన బిడ్డలిద్దరూ ఒకే దండోళ్ళా అక్కా!" అంది. కుప్పమ్మ, "నీ బిడ్డకు మా దండ" అని దిద్దింది.

వాళ్ళు పోయాక అడిగాను, ఎలా తెలిసిందని.

"దండకు తల ఉండాదా, తోక ఉండాదా? ఎవురు యాడ పట్టుకుంటే ఆడే మొదలంటారు. అందుకే ఎవురి మొదలూ నేను ఇనను. తెల్లపూసలు యాడ ఎక్కువగా గుమిగూడుంటాయో ఆడ పట్టుకుంటా. ఆడినుంచి ఏ పక్కకు పోతే ఎరుపు ముందు తగుల్తాదో ఆ పక్కకు పోతా. అప్పుడు ఎవురి దండైనా ఒక్క మాదిరే చెప్పాల. ఇంకో మాదిరి చెప్పేదానికి దోవే లేదు. ఇంగ సూడు, ఈ ఇద్దరిదీ: మూడు తెలుపు, రెండెరుపు, ఒక తెలుపు, ఒక నలుపు."

"రెండు చోట్ల ఒకే మాదిరిగా గుమిగూడి ఉంటే?"

"అప్పుడు రెండు చోట్ల నుంచీ చెప్పి సూస్తా. ఏ మాటలో ఎరుపు ముందొస్తే అదే గెలుస్తాది. నువ్వు ఇన్ని అడగతావని తెలిస్తే పిలిచేదాన్నే కాదు."

అలా చెప్పిన వరసను ఆమె దండ పేరు అనేది. మనుషులు దండను ఎన్ని విధాలుగానైనా పిలుస్తారు, దానికి సొంత పేరు మాత్రం ఒకటే. గోడ మీది తాళ్ళు ఆ పేర్లు.

ఆ రోజుల్లో మధ్యాహ్నాలు నాకు సగం నిద్రలాగే గడిచేవి. సందు చివర కొండ ఎండలో కరిగి నీలంగా, ఒకప్పుడు ఉన్నట్టూ ఒకప్పుడు లేనట్టూ కనిపించేది. కళ్ళు మూసుకుంటే పూసలు వాటంతట అవే తిరిగేవి, తెల్లవి ఒక చోట చేరేవి, నేను వాటిని పట్టుకుని పేరు చెప్పేదాన్ని. చెప్పడం పూర్తయ్యే లోపల ఎవరో చిన్న చేత్తో దండ లాగినట్టు అయ్యేది. ఉలిక్కిపడి చూస్తే పెద్దమ్మ గుచ్చుకుంటూ ఉండేది. ఏమీ అడిగేది కాదు. నా ముందు ఇంకో గుప్పెడు పూసలు పోసేది.

గోడ మీద కాకుండా దీపపు గూట్లో ఒక తాడు ఒంటరిగా ఉండేది. అది మునెమ్మ దండ పేరు. పదిహేడు పూసలది. అలాంటిది మరొకటి గుచ్చలేదు, ఎవరడిగినా గుచ్చనని కూతురికి మాట ఇచ్చింది. మునెమ్మను రేవు పని చేసే కుప్పుస్వామికి ఇచ్చారు. ముప్పై ఎనిమిదిలో ఇద్దరూ రంగూను పోయారు. పోయేటప్పుడు ఆ దండ వేసుకుని, "ఇది నా ప్రాణం ఉండేదాకా మెడలోంచి దిగదు మా" అందట. ఆ మరుసటి ఏడు వచ్చిన జాబు పెద్దమ్మకు చదివి పెట్టింది నేనే. ఆడబిడ్డ పుట్టిందనీ, పాలు తాగుతూ దండ పట్టుకుని లాగుతుందనీ, అయినా తీయలేదనీ రాయించింది. ఆ జాబు చదివించుకున్నప్పుడల్లా పెద్దమ్మ ఆ లాగే చోటు ఇంకోసారి చదవమనేది.

తర్వాత రంగూను మీద బాంబులు పడ్డాయి. నలభై రెండులో జనం కొండలూ అడవులూ పడి నడిచి వస్తున్నారని విన్నాం. రేణిగుంట స్టేషన్లో సామాన్ల గుమాస్తా అయిన మా ఇంటాయన, దిగేవాళ్ళను రోజూ అడిగేవారు. మునెమ్మను గానీ అల్లుణ్ణి గానీ చూశామన్నవాళ్ళు లేరు. చనిపోయారన్నవాళ్ళూ లేరు. పెద్దమ్మ ఆ రెండో మాటనే పట్టుకుని ఉంది.

నలభై మూడు మాఘంలో ఒక సాయంత్రం ఆయన వచ్చి, చెప్పులు విప్పకుండానే ఎదురింటికి పోయారు. స్టేషన్లో కాగితం అతికించారట. బర్మా దోవలో ఎవరో తెలియని ఆమె ఒక పాపను రైల్లో కాందిశీకులను చూసుకునేవాళ్ళకు అప్పగించి పోయింది. నాలుగేళ్ళుంటాయి. తెలుగు మాట్లాడుతుంది. మెడలో పూసల దండ ఉంది. చిత్తూరులో క్రైస్తవుల బడి వాళ్ళు సాకుతున్నారు. బంధువులు వచ్చి దండ వరస చెప్పాలి.

పెద్దమ్మ చేతిలోని దారం కిందపెట్టింది.

మర్నాడు పొద్దున రైలుబండిలో ఆమెకు తోడుగా నేను పోయాను. చంద్రగిరి దాటాక, కిటికీలోంచి రాళ్ళగుట్టలు మెల్లగా తిరుగుతుంటే, ఆమె నన్ను చూడకుండా అంది:

"అది మునెమ్మ దండే అయితే, మునెమ్మ మెడలోంచి ఎట్ల దిగినట్టు మే?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"కాకపోతే బాగుండు అనుకుంటాండా. బిడ్డ కోసరం పోతా, కాకూడదని మొక్కుకుంటాండా. ఇట్లాంటి ముండను యాడైనా సూసినావా?"

ఆ మాటతో ఆమె మూతి ఒక పక్కకు కదిలింది. అది నవ్వు కాదు.

బడిలో దండ సంగతి చూసే ఆయన ప్రేమానందం అనే లెక్కల అయ్యవారు. సన్నటి మనిషి, కళ్ళద్దాల కాడకు దారం చుట్టుకున్నాడు. పాప వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. మెడలో దండ లేదు. మొదట్లో ఉండేదట, ఒక కుటుంబం వాళ్ళు దూరం నుంచి దాన్ని చూసి, లోపలికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పారట. ఊరి పేరు అడిగితే తడబడ్డారు. అప్పటినుంచి అయ్యవారు దండను డబ్బాలో పెట్టి, వరస తన పుస్తకంలో రాసుకుని, ఎవరికీ చూపించడం లేదు.

"పాపను మీ అమ్మ పేరేంది అని అడిగితే, అమ్మే అంటాది" అన్నాడు. "ఇంకేమి చెప్పల్ల ఆ బిడ్డ? అందుకే దండను అడుగుతాండాం. చెప్పండమ్మా."

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. పాటలాగా చెప్పింది.

"నాలుగు తెలుపు, ఒక ఎరుపు, రెండు నలుపు, రెండు తెలుపు, మూడెరుపు, ఒక నలుపు, ఒక తెలుపు, మూడు నలుపు."

అయ్యవారు పుస్తకంలో వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాడు. మొదటికి పోయాడు, మళ్ళీ వచ్చాడు. ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది.

"కాదమ్మా. మొదలే కలవలేదు. పూసలు పదిహేడే, కానీ నాలుగు తెలుపులు ఒక చోట ఉండేది ఈ వరసలో యాడా లేదు. మూడు కూడా లేవు."

అప్పుడు నేను పెద్దమ్మ ముఖం చూశాను. ఏడాదిగా మూసి ఉన్న కిటికీ ఎవరో తీసినట్టు అయింది. మునెమ్మ దండ కాదు. మునెమ్మ మెడలో మునెమ్మ దండ ఉంది. ఏ ఊళ్ళోనో, ఏ గుడిసెలోనో, వంగి పొయ్యి ఊదుకుంటూ ఉంది. పెద్దమ్మ అయ్యవారికి దండం పెట్టి లేచింది. ఇంత తేలికగా ఆమె నడవడం నేనెప్పుడూ చూడలేదు.

వసారాలో పాప దగ్గర ఆగింది. పాప తలెత్తి చూసింది గానీ ఏమీ అడగలేదు. వచ్చిపోయేవాళ్ళను చూసి చూసి అలవాటైపోయినట్టుంది. పెద్దమ్మ అక్కడే నిలబడింది. ఆమె బొటనవేలు చూపుడువేలి మీద కదలడం మొదలుపెట్టింది, పూస పూస దాటుతున్నట్టు.

"పోదాం రా పెద్దమ్మా, బండికి టైమవుతుంది" అన్నాను. ఆ వెలుగు ఆమె ముఖంలో అలాగే ఉండనిచ్చి తీసుకుపోవాలని నాకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను.

"నాలుగు తెలుపులు యాడా లేవు అన్నాడు" అంది తనలో తాను. "తెగింటాది దోవలో. ఎవురో మళ్ళీ కట్టింటారు. ముడి యాడ పడింటాది?"

"పెద్దమ్మా..."

"తెలుపుల నడమ పడింటే?"

ఆ మాట అన్నాక ఆమె ముఖంలో వెలుగు ఆరిపోవడం చూశాను. ఎవరూ ఆమెను ఆపలేదు, ఎవరూ అడగలేదు. ఆమె అప్పుడే బండెక్కి ఉంటే ఏ తప్పూ ఉండేది కాదు. కాదన్నది అయ్యవారే కదా. కానీ ఆమె వెనక్కి తిరిగి, గడప దాటి లోపలికి పోయింది.

"అయ్యవారూ, ఆ పుస్తకం నాకు సూపించొద్దు. చదవొద్దు కూడా. మీరే ఒక పని సెయ్యండి. మీరు దండను ముడి కాడ మొదులుపెట్టి రాసింటారు గదా?"

"అవునమ్మా. ఇంకెట్ల రాస్తాం?"

"ముడి ఎవురో కట్టింది, దండకు సంబంధం లేదు. మీ వరస తలా తోకా కలపండి, గుండ్రంగా రాయండి. తెల్లవి యాడ ఎక్కువగా గుమిగూడుంటాయో ఆడ వేలు పెట్టండి. ఏ పక్కకు పోతే ఎరుపు ముందు తగుల్తాదో ఆ పక్కకే పొండి. అప్పుడు సెప్పండి, కాదని."

అయ్యవారు పలక తెప్పించుకుని, మాకు వీపు తిప్పి, పదిహేడు గుర్తులు గుండ్రంగా వేశాడు. బలపం చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"మొదట్లో రెండు తెలుపులు, చివర్లో రెండు తెలుపులు" అన్నాడు మెల్లగా. "కలిస్తే నాలుగు. నేను చివర నుంచి మొదటికి పోవాల. తలకిందులుగా రాసింటి." లెక్కల మనిషి కావడంవల్లనేమో ఆ క్షణం ఎదురుగా ఉన్నది ఎవరో మరిచిపోయాడు. "పదిహేడు చోట్ల మొదులుపెట్టొచ్చు, రెండు పక్కలకూ పోవచ్చు, ముప్పై నాలుగు మాదిరిగా రాయొచ్చు దీన్ని! అన్నింటికీ ఒక్కటే పేరు నిలబెట్టినారే. రెండు నాలుగో వంతులన్నా, మూడు ఆరో వంతులన్నా, కడాకు అర అనే రాయండ్రా అని బడిలో పిల్లోళ్ళకు రోజూ చెప్తా. నేనే ముడి కాడ మోసపోతి."

అని తిరిగి, పెద్దమ్మను చూసి, నోరు మూసుకున్నాడు.

"చదవండి" అంది ఆమె.

"నాలుగు తెలుపు" అన్నాడు. "ఒక ఎరుపు. రెండు నలుపు. రెండు తెలుపు." ప్రతి మాటకూ ఆమె తల ఊపుతూ వచ్చింది, బిడ్డ పాఠం ఒప్పగిస్తుంటే ఊపినట్టు. "మూడెరుపు. ఒక నలుపు. ఒక తెలుపు."

చివరిది ఆయన చదవలేదు. ఆమే చెప్పింది.

"మూడు నలుపు."

బయట పిల్లలు ఎక్కం చదువుతున్నారు. ఆ గొంతులు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టున్నాయి. అయ్యవారు డబ్బా తీసి దండను ఆమె చేతిలో పెట్టాడు. పూసలు అరిగి, తెల్లవి పసుపు రంగుకు తిరిగాయి. ఆమె దాన్ని పరీక్షగా చూడలేదు, కళ్ళకద్దుకోలేదు. లేచి వసారాలోకి పోయి, పాప ముందు కూర్చుని, మెడలో వేసింది. పాప వెంటనే దాన్ని పిడికిలితో పట్టుకుని లాగింది.

"ఊఁ, లాగు" అంది పెద్దమ్మ. "ఎంత లాగినా తెగనట్టు మళ్ళీ గుచ్చిస్తా. నేను మీ అమ్మకు అమ్మను."

కాగితాల మీద ఆమె వేలిముద్ర వేసింది, సాక్షి కింద నేను పేరు రాశాను. మధ్యాహ్నం బండికి ముగ్గురం ఎక్కాం. పాప ఏడవలేదు, నవ్వలేదు. పెద్దమ్మ ఒళ్ళో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పూతలపట్టు పోయింది, పాకాల పోయింది. ఎండ పలచబడి, పొలాలన్నీ ఎవరో కలగంటున్నట్టు మెల్లగా వెనక్కి పోతున్నాయి. నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. చంద్రగిరి కొండలు కనిపించేసరికి పాప ఒళ్ళు బిగుసుకుంది. రెండు చేతులతో కిటికీ చువ్వ పట్టుకుంది.

"ఆ కొండ గూడా ఎక్కాల్నా?"

మేము విన్న మొదటి మాట అది.

"వద్దు తల్లీ" అంది పెద్దమ్మ. "బండి దాన్ని సుట్టుకోని పోతాది. మనం ఊరికే కూసోవాల."

పాప కొండను చూస్తూనే ఉంది.

"అమ్మ ఎక్కలేదు. ఆడనే కూసునింది."

పెద్దమ్మ రెండుసార్లు నోరు తెరిచి మూసింది.

"అట్లనా" అంది చివరికి. "కూసోనీలే తల్లీ. శానా దూరం నడిసింది గదా."

పాప ఆ జవాబును కాసేపు ఆలోచించుకుని, సరే అన్నట్టు చువ్వ వదిలేసి వెనక్కి వాలింది. నిద్రపోయింది. అరికాళ్ళు గట్టిపడి, పగుళ్ళు బారి, పెద్దవాళ్ళ పాదాల్లా ఉన్నాయి. పెద్దమ్మ వాటి మీదికి కొంగు లాగి, తిరుపతి వచ్చేదాకా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆమె ఏడుస్తున్నదని, కొంగు మీద తడి చూశాక గానీ నాకు తెలియలేదు.